అరిగినది బ్యాటరీ, పారవేయునది ఫోను

వస్తువును కొన్నవానికి దానిని బాగుచేయించుకొను స్వాతంత్ర్యము కూడ సంక్రమించునా, లేదా? మొదట చూచినపుడు ఈ ప్రశ్న న్యాయవాదుల తర్కమువలె తోచును. కాని నందివాడ మండలమున చేపల చెరువుగట్టుపై కాపలాయుండువానికిని, గుడివాడ బజారులోని వర్తకునకును, ఉపాధి పనికి పోవు కూలికిని ఇది నిత్యజీవన ప్రశ్నయైనది. చేతిఫోను కొన్న రెండు మూడేండ్లకు బ్యాటరీ నీరసించును. తక్కిన భాగములన్నియు చక్కగనే యుండును. తెర వెలుగును, మాట వినబడును, కెమెరా పనిచేయును. అయినను ఉదయము నిండుగా చార్జి చేసిన ఫోను మధ్యాహ్నమునకే చల్లబడును. అంగడివాడు దానిని త్రిప్పి చూచి, అసలు బ్యాటరీ దొరకదనియు, విప్పినచో తెర పగులవచ్చుననియు, క్రొత్తది కొనుటయే మేలనియు చెప్పును. సొంతదారు క్రొత్తది కొనును. అరిగినది ఒక భాగము. పోయినది యావత్తు వస్తువు. ఇందు అన్యాయము కలదని మా నిశ్చితాభిప్రాయము.

మన పల్లెలలో అరుగుదల క్రొత్త సంగతి కాదు. నాగలి కర్రు అరిగినచో కమ్మరి కొలిమిలో సాగగొట్టించి మరల బిగింతుము. బండి ఇరుసు అరిగినచో ఇరుసును మార్తుము కాని బండిని కాలువలోనికి త్రోయము. నీటి మోటారు కాలినచో పట్టణమునకు తీసికొనిపోయి తీగ చుట్టింతుము. టైరు అరిగినదని ట్రాక్టరును పారవేసిన రైతును ఎవరును చూచి యుండరు. రాత్రివేళ పొలమునకు నీరు పెట్టబోవువాని బ్యాటరీ లైటులో సెల్లులు తీరినచో, అతడు మూత త్రిప్పి క్రొత్తవి వేసికొనును. అందులకు ఎవరి యనుమతియు అక్కరలేదు. అరుగునట్టి భాగమును సులభముగా మార్చుకొన వీలుగా అమర్చుట పనివాని ధర్మమని మన కమ్మరులకును వడ్రంగులకును తరతరములుగా తెలియును. నేటి ఫోనులలోను ట్యాబులలోను మిక్కిలి త్వరగా అరుగునది బ్యాటరీ. ఆ భాగమునే జిగురుతో అంటించి, పైన అద్దపు మూత వేసి, చేతికందకుండ చేసియున్నారు.

ఫోను విలాసవస్తువు గదా, దీనికింత చర్చయేల యని కొందరనవచ్చును. ఒకప్పుడు అట్లుండెనేమో, నేడు అట్లు కాదు. కృష్ణా డెల్టా దిగువనున్న నందివాడ ప్రాంతమున వరిచేలతోపాటు చేపల చెరువులును, రొయ్యల చెరువులును విస్తరించినవి. చెరువునీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గును. ఆ వేళ కరెంటు పోయి, నీటిని చిలుకు ఏరియేటర్లు ఆగినచో, కాపలావాడు యజమానిని లేపవలెను, జనరేటరు వేయవలెను. అరగంట యాలస్యమైనను పెంచిన సొత్తంతయు నీటిపై తేలవచ్చును. ఆ కబురు పోవలసినది అతని జేబులోని ఫోను ద్వారానే. సరకు పట్టుబడినాడు ధర తెలియుటకును, మంచు తెప్పించుటకును, లారీ మాటాడుటకును, సొమ్ము చేరినదో లేదో చూచుకొనుటకును ఆ ఫోనే ఆధారము.

కూలిజనము సంగతి ఇంతకన్న గడ్డు. ఉపాధి హామీ పనులలో కూలీల హాజరును ఛాయాచిత్రములతో సహా రోజునకు రెండుసార్లు ఫోనులోనే నమోదు చేయవలెనని 2023 జనవరి 1 నుండి నియమము విధింపబడెను. మేటు చేతి ఫోను నడియెండలో ఆగిపోయినచో, పలుగు పట్టి చెమటోడ్చినవాని కూలికి సాక్ష్యమే చిక్కులో పడును. బ్యాంకు పంపు రహస్యసంఖ్యయు, పంట నమోదును, పింఛను కబురును, పిల్లవాని పరీక్షాఫలితమును ఆ చిన్న తెరపైననే కనబడవలసియున్నవి. ప్రభుత్వము తన కార్యములను ఫోనులోనికి మార్చిన నాటి నుండి బ్యాటరీ యారోగ్యము పౌరుని హక్కులతో ముడిపడినది.

వరదలనాటి మాటయు చెప్పవలసియున్నది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు గట్లు తెగి విజయవాడలోని పేటలు పలుదినములు నీట నుండిపోయెను. బుడమేరు కొల్లేటికి పోవు త్రోవ మన ప్రాంతముననే యున్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరువలేదు. నాడు హెచ్చరిక చేరుటకు సాధనములు అల్పము. నేడు హెచ్చరిక ప్రతివాని చేతికే వచ్చుచున్నది. కాని తుపానులో ముందుగా పోవునది కరెంటు. ఆ తరువాత ఇంటివారికి మిగులు బలము బ్యాటరీలో నున్నంత మాత్రమే. అరిగిన బ్యాటరీ గల ఇల్లు ఆ మొదటి రాత్రికే లోకముతో సంబంధము కోల్పోవును.

ఈ బ్యాటరీ ఏల అరుగుచున్నదో సంగ్రహముగా తెలిసికొనుట మంచిది. నేటి ఫోనులలో నున్నది లిథియము అయాను బ్యాటరీ. దీనిని తొలుత వ్యాపారమునకు తెచ్చినది 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ. దీనికి మూలమైన పరిశోధనలు చేసిన జాన్ గుడ్‌ఎనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో గార్లకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. చార్జి చేయునపుడు లిథియపు అణువులు విద్యుదావేశముతో ఒక పలకను వీడి రెండవ పలకయగు గ్రాఫైటులో చేరును. వాడునపుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలలో గ్రాఫైటుపై ఒక సన్నని పొర పెరుగుచు కొంత లిథియమును తనలో బంధించుకొనును. బంధింపబడినది మరల పనికి రాదు. కావున బ్యాటరీ పట్టు శక్తి నానాటికి తగ్గును. లోపలి నిరోధము హెచ్చును. తెరపై ఇరువది శాతము మిగిలియున్నట్లు కనబడుచుండగనే ఫోను తటాలున ఆగిపోవుటకు కారణమిదియే. కొన్నిట లోపల వాయువు పుట్టి బ్యాటరీ ఉబ్బి తెరను పైకెత్తును. వేడి ఈ క్షయమును త్వరపెట్టును. మన రోహిణికార్తె యెండలను గూర్చి వేరుగా చెప్పవలెనా?

ఈ క్షయము నిర్మాతల దోషము కాదు. ఇది రసాయన ధర్మము, నిర్మాతలకు ముందుగా తెలిసినది, తప్పించుటకు వీలుకానిది. మా ఫిర్యాదు అరుగుదలను గూర్చి కాదు. అరుగునని తెలిసి తెలిసి ఆ భాగమును కొనినవాని చేతికి అందకుండ చేయుటను గూర్చియే మా ఫిర్యాదు.

ఫోను పుట్టుకతోనే ఇట్లుండలేదు. నోకియా ఫోను వెనుక మూత గోటితో తీసి, బ్యాటరీని మార్చి, మరల మూయుట మన పాఠకులలో పెక్కుమందికి అనుభవమే. 2007 ఆగస్టులో ఆ సంస్థయే ఒక ప్రకటన చేసెను. తమ బి.ఎల్.–5సి రకపు బ్యాటరీలలో, ఒక జపాను సంస్థ తయారు చేసిన 4 కోట్ల 60 లక్షలు మితిమీరి వేడెక్కు ప్రమాదము కలదనియు, కోరినవారికి ఉచితముగా మార్చి యిత్తుమనియు తెలిపెను. అప్పుడు జనులేమి చేసిరి? మూత తీసి బ్యాటరీపై నున్న సంఖ్యను చదువుకొనిరి. ఆ వరుసలోనిదైనచో దానిని మాత్రమే మార్పించుకొనవచ్చును. ఫోను ఎవరి ఫోను వారి యొద్దనే యుండెను.

దీనిని 2016 నాటి కథతో పోల్చి చూడుడు. ఆ యేడు శామ్‌సంగ్ సంస్థవారి గెలాక్సీ నోట్ 7 అను ఫోను బ్యాటరీదోషమున మంటలకు గురియయ్యెను. ఆ ఫోనులో బ్యాటరీ లోపల మూయబడియుండెను. కావున దోషము బ్యాటరీదైనను సుమారు 25 లక్షల ఫోనులను ఫోనులుగానే వెనుకకు పిలువవలసి వచ్చెను. బదులిచ్చినవియు కాలుటచే అక్టోబరులో ఆ రకపు నిర్మాణమునే విరమించిరి. రెండు ఉదంతములలోను తప్పు ఒక చిన్న పెట్టెది. మొదటిదానిలో ఆ పెట్టెతో పోయినది; రెండవదానిలో వస్తువంతయు పోయినది. మూసివేయుట నిర్మాతలకు సైతము ఎల్లవేళల లాభకరము కాదని దీనివలన తెలియుచున్నది.

నిర్మాతల వాదమును కూడ న్యాయముగా వినవలసియున్నది. మూత తీయు ఏర్పాటున్నచో ఫోను మందమగుననియు, నీరును ధూళియు లోనికి చొరబడుననియు, ఎరుగనివారు నాసి బ్యాటరీ వేసికొని ప్రమాదము తెచ్చుకొందురనియు వారు చెప్పుదురు. నీటి భయము మన ప్రాంతమున చిన్నది కాదు. చెరువులో జారిన ఫోనులెన్నియో! అయినను 2014లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5 అను ఫోను మీటరు లోతు నీటిలో అరగంట తాళునట్లు చేయబడినది. దాని వెనుక మూత చేతితో తీయదగినదే. పొలములలోను కర్మాగారములలోను వాడుటకై ఆ సంస్థయే చేయు ఎక్స్‌కవర్ రకములు నీటికి తాళుచునే బ్యాటరీ మార్పునకు వీలిచ్చుచున్నవి. హాలండుదేశపు ఫెయిర్‌ఫోను సంస్థ, సొంతదారే భాగములు మార్చుకొనదగిన ఫోనును అమ్ముచున్నది. కావున ఇది అసాధ్యము కాదు. ఇక నాసి బ్యాటరీల మాట. అసలైనది అంగడిలో న్యాయమైన ధరకు దొరకనపుడే నాసిదానికి గిరాకి పుట్టును. తలుపు మూసినవారే దొంగదారిని గూర్చి వాపోవుట వింతగా నున్నది.

బ్యాటరీ మార్పు ఎంత మేలు చేయునో లోకమునకు వెల్లడియైనది 2017 డిసెంబరులో. బ్యాటరీలు పాతబడిన ఐఫోనుల వేగమును తాము తగ్గించితిమని ఆపిల్ సంస్థ ఒప్పుకొనెను. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండుటకే అట్లు చేసితిమని ఆ సంస్థ సమాధానము. కాని ముందుగా ఆ సంగతి తెలియని జనులు తమ ఫోనులు ముసలివైనవని తలచిరి. విమర్శ హెచ్చగా ఆ సంస్థ 79 డాలర్లుగా నున్న బ్యాటరీ మార్పు రుసుమును 2018లో 29 డాలర్లకు తగ్గించెను. క్రొత్త బ్యాటరీ పడినంతనే పాత ఫోనులు పూర్వవేగమును పొందెను. ముసలిదైనది బ్యాటరీయే కాని ఫోను కాదని నిరూపితమయ్యెను. 2020లో ఫ్రాన్సుదేశపు వినియోగదారుల రక్షణశాఖ కొనుగోలుదారులకు తెలుపనందుకు ఆ సంస్థచే 2 కోట్ల 50 లక్షల యూరోలు కట్టించెను. అమెరికాలో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించుటకు రాజీ కుదిరెను.

ఐరోపావారు ఇంతటితో ఆగలేదు. అచటి సమాఖ్య 2023లో చేసిన నిబంధన 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఫోను, ట్యాబుల బ్యాటరీ 800 పర్యాయములు నిండి వాడబడిన తరువాతను మొదటి శక్తిలో 80 శాతము నిలుపుకొనవలెను. ఒక పర్యాయమనగా నూరు శాతము శక్తిని వాడుట; రెండుమారులు సగము సగము వాడినను ఒకటియే యగును. ఆ రకము అమ్మకము నిలిచిన తరువాత 7 సంవత్సరముల వరకు ముఖ్యమైన విడిభాగములు దొరకవలెను. బ్యాటరీని సామాన్యుడే మార్చుకొన వీలుండవలెను. లేదా, 500 పర్యాయములకు 83 శాతము, 1,000 పర్యాయములకు 80 శాతము శక్తి నిలిచి, నీటికి తాళునట్టి ఫోనులైనచో పనివారు మార్చుటకైనను వీలుండవలెను. ఇది గాక, చేతి పరికరముల బ్యాటరీలను సొంతదారులే తీసి మార్చుకొనదగినట్లు అమర్చవలెనను మరియొక నిబంధనకు 2027 ఫిబ్రవరి 18 గడువుగా విధించిరి. ఇందు నిర్మాతలపై ద్వేషమేమియు లేదు. గట్టి వస్తువు చేసినవానికి సడలింపును, చేయనివానికి కట్టుబాటును మాత్రమే కలవు.

మనదేశమున నడచినదేమి? కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జులైలో బాగుచేయించుకొను హక్కును విచారించుటకొక సంఘమును నియమించెను. ఆ యేడు డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, నిర్మాతలు మరమ్మతు వివరములను ఉంచుటకై ఒక వేదికను తెరచెను. ఫోనులు ఎంత సులభముగా బాగుచేయదగినవో అంకెలతో సూచించు పద్ధతిని గూర్చి మరియొక సంఘము 2025 మే నెలలో తన నివేదికను సమర్పించెను. ఇట్టి అంకెలను ఫ్రాన్సు 2021లోనే అమ్మకపు చీట్లపై వేయింప నారంభించెను. ఈ ప్రయత్నములను మేము అభినందించుచున్నాము. కాని వేదికలో చేరుట నిర్మాతల యిష్టము. నివేదిక శాసనము కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునందు బాగుచేయించుకొను హక్కు స్పష్టముగా పేర్కొనబడలేదు.

ఈ న్యాయము మన దేశమునకు క్రొత్తది కూడ కాదు. మోటారు కార్ల విడిభాగములను స్వతంత్ర పనివారికి దొరకనీయలేదను ఆరోపణపై, 2014 ఆగస్టులో భారత పోటీ కమిషను 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ఆ వ్యాజ్యము తరువాత అప్పీళ్లకు పోయినది. అయినను కారు కొన్నవానిని కంపెనీ గారేజికే కట్టివేయరాదను సూత్రము నాడు బహిరంగముగా చెప్పబడినది. కారు గల సంపన్నునకు వర్తించు న్యాయము, ఫోను గల కూలికి ఏల వర్తింపరాదు?

శాసనము కొరకు కేంద్రమువైపు చూచుచు కూర్చుండక, రాష్ట్రప్రభుత్వము తన చేతిలోని అధికారమును వాడుకొనవచ్చును. మన రాష్ట్రమున 2022 డిసెంబరు 21 నుండి ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులు పంచబడెను. 2023 డిసెంబరులో మరల 4 లక్షలకు పైగా పంచబడెను. ఆ పంపిణీ మంచిచెడ్డలను గూర్చిన రాజకీయవివాదము ఇచట మాకు ప్రస్తుతము కాదు. ప్రజాధనముతో కొన్న ఆ పలకలలో నున్నవి కూడ అరుగునట్టి బ్యాటరీలే. అవి లోపల మూయబడినవే. సెలవులలో చార్జి లేక నెలల తరబడి పెట్టెలలో పడియుండుట వాటికి మరింత చేటు. లక్షల లెక్కను కొను ప్రభుత్వమునకు బేరమాడు బలము కలదు. ఇకముందు ఫోనులు గాని ట్యాబులు గాని కొనునపుడు ఒప్పందములో మూడు షరతులు చేర్చవలెనని మేము కోరుచున్నాము: బ్యాటరీ సామాన్యమైన పనిముట్లతో మార్చదగినదై యుండవలెను, కొన్న నాటి నుండి కనీసము 7 సంవత్సరములు అసలైన బ్యాటరీ దొరకవలెను, దాని ధర ముందుగానే నిర్ణయింపబడవలెను. ఈ షరతులకు ఖజానానుండి ఎక్కువ వ్యయము కాదు. కలము కదలిన చాలును.

ఇక పనివారి సంగతి. గుడివాడ, బందరు, అవనిగడ్డ వీథులలో చిన్న బల్లయు భూతద్దమును పెట్టుకొని ఫోనులు బాగుచేయు యువకులను అందరు నెరుగుదురు. హైదరాబాదులోని జగదీష్ మార్కెటు ఇట్టి పనికి పేరుపడినది. వీరిలో పెక్కుమందికి బడి లేదు. పాఠమిచ్చిన గురువు ప్రక్క బల్లవాడే. కంపెనీలు వారికి నిర్మాణపటములను ఈయవు, అసలు భాగములను అమ్మవు. వేరొక బ్యాటరీ వేసినచో గుర్తింపబడని భాగమని తెరపై హెచ్చరిక కనబడునట్లు చేసిన కంపెనీలును కలవు. ఇన్ని యాటంకముల నడుమ వారు చేయుచున్న సేవ చిన్నది కాదు. వారిని మోసగాండ్రని తూలనాడుటకు బదులు వారికి విద్య నేర్పుట యుక్తము.

బందరున 1910లో స్థాపింపబడిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకవిద్యతోపాటు చేతిపనులను నేర్పెను. కోపల్లె హనుమంతరావు గారు మొదలగువారు అందులకై తమ జీవితములను ధారపోసిరి. పనిముట్టు పట్టనేర్చిన చేయి పరాధీనము కాదని వారి విశ్వాసము. ఆ ఊరి సమీపముననే నేడు ఒక తరమంతయు, తన చేతిలోని వస్తువు మూత తీయుటకు కూడ పరులపై నాధారపడియున్నది. కృష్ణాజిల్లాలోని పాలిటెక్నిక్కులును, పారిశ్రామిక శిక్షణ సంస్థలును ఫోను బ్యాటరీ మార్పును, దానిలోని ప్రమాద నివారణను ఒక చిన్న శిక్షణగా నేర్పి యోగ్యతాపత్రములిచ్చినచో, మండలమునకు ఇద్దరు ముగ్గురు నమ్మదగిన పనివారేర్పడుదురు. వారికి బ్రతుకుతెరువు, ఊరివారికి నమ్మకము, రెండును కలుగును.

స్వదేశమున సెల్లుల తయారీ సాగవలెనను మాటయు నేడు వినబడుచున్నది. 2022 సెప్టెంబరులో తిరుపతిలో మునోత్ సంస్థవారి లిథియము సెల్లుల కర్మాగారము తొలి యుత్పత్తి నారంభించెను. అమర రాజా సంస్థ 2023లో మహబూబ్‌నగరు సమీపమున దివిటిపల్లిలో అట్టి కర్మాగారమునకు శంకుస్థాపన జరిపెను. తెలుగుదేశమున ఈ పరిశ్రమ నెలకొనుట సంతోషకరమే. అయినను తలుపులేని పెట్టెలోనికి స్వదేశపు సెల్లును మాత్రము ఎట్లు వేయగలము? మార్చుకొను హక్కు లేనిచో, ఇచట తయారైన బ్యాటరీకి ఇచటి పాత ఫోనులో చోటుండదు.

పారవేయుట గూర్చి రెండు మాటలు. ఈ బ్యాటరీలలో తరచుగా వాడు కోబాల్టులో అధికభాగము ఆఫ్రికాలోని కాంగోదేశపు గనులనుండి, ఎన్నో ప్రాణములు శ్రమపడగా వచ్చుచున్నది. అట్టి దానిని చెరువుగట్టున పారవేయుట పాపము. అది నీటికిని నేలకును చెరుపు, చెత్తబండిలో నలిగినచో నిప్పు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము, వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధిచేయించు బాధ్యత వాటిని విపణిలో పెట్టినవారిదే. కాని నందివాడలో ఒక సామాన్యుడు తన పాత బ్యాటరీని ఎవరి చేతిలో పెట్టవలెను? ప్రతి గ్రామ సచివాలయమున దీనికొక పెట్టె యుంచి, నెలకొకమారు గుడివాడ చేర్చు ఏర్పాటు కావలెను.

పాఠకులు తమవంతుగా చేయదగినవియు కలవు. ఫోనును ఎండలోను, కారు అద్దము ముందరను, రాత్రి దిండు క్రిందను చార్జి చేయరాదు. పూర్తిగా అడుగంటనీయక, నిత్యము నూటికి నూరు నింపుచుండక, ఇరువది ఎనుబదుల నడుమ వాడినచో బ్యాటరీ చిరకాలము మన్నును. వాడక దాచు ట్యాబును సగము చార్జితో నుంచవలెను. తెర పైకి లేచినను, వెనుక మూత ఉబ్బినను ఆ క్షణమే చార్జి మానవలెను. దానిని నొక్కరాదు, గుచ్చరాదు. క్రొత్త బ్యాటరీ కొనునపుడు దానిపై భారత ప్రమాణముల సంస్థ ముద్రయు, ఐ.ఎస్. 16046 అను సంఖ్యయు, నమోదు సంఖ్యయు కలవేమో చూచి, రసీదు తీసికొనవలెను. ఫోను కొనకముందే అంగడివానిని, 'దీని బ్యాటరీ ఎవరు మార్చుదురు? ఎంతకు మార్చుదురు?' అని యడుగుడు. నూరుమంది అడిగినచో ఆ ప్రశ్న కంపెనీదాక పోవును. అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయసంఖ్య 1915 కలదు.

చివరగా భూస్వాములకును పట్టణవాసులకును ఒక మనవి. మనలో చాలమందికి రెండేండ్లకొక క్రొత్త ఫోను కొనుట భారము కాదు. కావుననే ఈ విషయము మనకు పట్టలేదు. కాని మనము విడిచిన ఫోను ఎచటికి పోవుచున్నది? పాలేరు చేతికో, చెరువు కాపలావాని చేతికో, ఇంట పనిచేయు ఆమె బిడ్డ చదువునకో పోవుచున్నది. మన చేతిలో సగము చచ్చిన బ్యాటరీతో వారి చేతిలో దాని రెండవ జీవితము మొదలగును. దానము చేయుచున్నామను తృప్తి మనది. గోడమీటను వదలి కదలలేని అవస్థ వారిది. తెల్లవారుజామున చెరువులో చేప తల్లడిల్లునపుడు మనకు కబురు పెట్టవలసినది ఆ ఫోనే యని మరువరాదు. ఇకమీదట పాత ఫోనును ఇచ్చునపుడు బ్యాటరీ మార్పించి యిత్తుము గాక.

కాని వ్యక్తుల దయతో తీరునది కాదు ఈ కొరత. అరుగు భాగమును మార్చుకొను హక్కు సొంతదారుదని శాసనము చెప్పవలెను. మన శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును ఓట్లకై వచ్చునపుడు రోడ్లను, డ్రెయిన్లను గూర్చి అడుగుచున్నాము. ఈ సంగతిని కూడ అడుగవలెను. 2022లో మొదలైన విచారణ సంఘములతోను నివేదికలతోను ముగియరాదు. నిర్మాతలు ఐరోపావారికి ఇచ్చు సౌకర్యమును భారతీయునకు ఇయ్యననుటకు కారణము లేదు. అడుగకపోవుటయే మన లోపము. ఆ సౌకర్యమును ఇచటను శాసనబద్ధము చేయు బిల్లును కేంద్రప్రభుత్వము త్వరలో ప్రవేశపెట్టవలెనని మేము కోరుచున్నాము.